అరిగిపోయిన అంగుళం

వంటింటి బల్లని ఆమె రోజూ రెండుసార్లు తుడుస్తుంది. భోజనాలయ్యాక ఒకసారి తడిగుడ్డతో, అట్టలు పరిచే ముందు ఇంకోసారి పొడిగుడ్డతో. అట్టకి అంటిన నూనె మరక బట్టకీ అంటుతుంది. అది తెల్లబట్ట అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ సాయంత్రం కూడా అలాగే తుడిచి, డాక్టర్లు వేసుకునే తెల్లకోటుకి వెనకభాగం గీస్తూ, చల్లారిపోతున్న టీ గ్లాసుని పక్కన పెట్టుకుంది. అంతలో మరిది వచ్చి ఆ గ్లాసు తీసి పొయ్యిగట్టు మీద పెట్టాడు.

“వదినా, అట్టల దగ్గర టీ పెట్టకు. ఒలికిందంటే రేపు నేనేం మొహం పెట్టుకుని కోయించాలి?”

ఆమె గీసిన అట్ట, ఆమె తుడిచిన బల్ల, ఆమె కాచుకున్న టీ. ఆజ్ఞ మాత్రం మాస్టర్‌గారిది. ఆమె ఏమీ అనలేదు. అనదు. పద్దెనిమిదేళ్ళుగా యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో బట్ట కోస్తోంది, పంతొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో కాపురం చేస్తోంది. రెండు చోట్లా ఆమెకి మంచి పేరే ఉంది. ఆ మంచి పేరంతా ఏమీ అనకపోవడం వల్ల వచ్చిందే.

ఆ పని తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. వంద కోట్లు కుట్టాలంటే వందసార్లు కొలవరు. చెయ్యి, వీపు, కాలరు, ఒక్కో భాగాన్నీ ఒక్కసారి దళసరి అట్ట మీద కొలతలతో గీసి, ఆ అట్టని బట్ట దొంతర మీద పెట్టి కోసేస్తారు. అట్ట సరిగ్గా ఉంటే వంద కోట్లూ సరిగ్గా ఉంటాయి. అట్ట తప్పయితే వందా తప్పే. అందుకే కార్ఖానాలో అట్ట గీసేవాణ్ణే మాస్టర్ అంటారు.

అక్కడ ఒక ముసలి మాస్టర్ ఉండేవాడు. చివరి రెండేళ్ళూ ఆయన చేతులు వణికేవి. “అమ్మాయ్, ఈ గీత కాస్త నువ్వెయ్యి” అని మొదలుపెట్టి, పోగాపోగా అట్టలన్నీ ఆమెకే వదిలేసి తాను పక్కన సంతకం మాత్రం పెట్టేవాడు. ఆయన విశ్రాంతి తీసుకుంటే ఆ కుర్చీ తనదే అనుకుంది ఆమె. అనుకోవడంలో అత్యాశేముంది? మిషన్ల దగ్గర ఆడవాళ్ళంతా కూడా అదే అనుకున్నారు.

ఓనరుగారు పిలిచి చాలా మర్యాదగా చెప్పాడు. “నీ పనితనం నాకు తెలీదా అమ్మా? కానీ మాస్టరంటే నలుగురిలో నిలబడి గట్టిగా మాట్లాడాలి. ఆర్డర్లిచ్చేవాళ్ళు వస్తారు. వాళ్ళు నిన్ను చూసి మాస్టరేడీ అని అడిగితే నేనేం చెప్పను?” నేనే మాస్టరని చెప్పొచ్చు కదా అని ఆమెకి తోచింది. తోచింది కానీ, సరేనండీ అని కోత బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంతకీ ఎవర్ని పెట్టాడయ్యా అంటే, ఆమె మరిదినే. ఆరేళ్ళ క్రితం అతను పనీపాటా లేకుండా తిరుగుతుంటే, ఓనరుగారిని బతిమాలి ఆమే అందులో చేర్పించింది. కత్తెర ఏ వేళ్ళతో పట్టుకోవాలో ఆమే నేర్పింది. మనిషి చెడ్డవాడేం కాదు. గొంతు పెద్దది, అంతే.

“ఇంట్లోవాడికేగా వచ్చింది, నీకొస్తేనేం, వాడికొస్తేనేం?” అన్నాడు భర్త. ఆయనది నీళ్ళ ఆఫీసులో గుమాస్తా పని. ఎప్పుడూ గొంతు పెంచడు. చుట్టుపక్కల అందరూ ఆమెని అదృష్టవంతురాలనే అంటారు. గొంతు పెంచనివాడు ఎదుటి మనిషి గొంతు వినకపోతే దాన్ని ఏమనాలో ఆమెకి తెలియదు. అత్తగారైతే ఎగాదిగా చూసి, “మరిది పైకొస్తే వదిన చిన్నబుచ్చుకోవడమేంటమ్మా, విన్నవాళ్ళు నవ్విపోతారు” అంది.

మాస్టరైన మూడో రోజు సాయంత్రం అతను అట్టలు చుట్టగా చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. “వదినా, కాస్త గీసిపెట్టవా? నాకింకా చెయ్యి తిరగలేదు.” ఆమె నోరు తెరిచేలోపే, “దానికి అరగంట పనిరా, వంట చేస్తూ చేస్తూ గీసేస్తుంది” అన్నాడు భర్త. వంట చేస్తూ కోటు గీసినవాళ్ళని మీరెక్కడైనా చూశారా? ఆయన చూశాడు, ఇంట్లోనే, రోజూ. పగలు కార్ఖానాలో బట్ట కోసే మామూలు కట్టరు, సాయంత్రం వంటింట్లో మాస్టరు. అలా నెల గడిచింది.

ఆ బల్ల పక్కన గోడకి ఒక మేకు, మేకుకి ఆమె సొంత టేపు వేలాడుతుంటాయి. పెళ్ళికి ముందు కుట్టు నేర్చుకున్నప్పటి టేపు అది. చివరనుండే ఇనప ముక్క ఎప్పుడో ఊడిపోయింది. తర్వాత ఆ మొన పీచు పీచయి మొదటి అంగుళం మొత్తం అరిగిపోయింది. ఇప్పుడా టేపు ఒకటి నుంచి మొదలవుతుంది. నలభై రెండు కావాలంటే ఆమె నలభై మూడు దాకా కొలుస్తుంది. ఆలోచించి చేసే పని కాదది, చేతికే తెలుసు. కొత్తది కొనుక్కోవాలని ఎన్నిసార్లో అనుకుంది. బజారుకెళ్ళినప్పుడల్లా ఇంట్లోవాళ్ళందరివీ గుర్తొచ్చేవి, టేపు తప్ప. అది అరిగిన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమేముంది, దాన్ని ముట్టేది ఆమె ఒక్కతే.

ఆమెకి ఇంకో అలవాటుంది. కోటు అంచు దగ్గర లోపలికి మడవడానికి అందరూ అంగుళమో ఒకటిన్నరో వదిలితే, ఆమె రెండున్నర వదులుతుంది. “అంత బట్ట దండగ కాదా?” అని మరిది విసుక్కున్నాడు కూడా. “రేపు ఎవరికైనా పొడుగు చాలకపోతే విప్పుకుంటారు” అంది. ఆమె చెప్పిన మాటల్లో అతను కొట్టిపారెయ్యకుండా వదిలేసింది అదొక్కటే.

ఇక ఒక మేడ మీది గది సంగతి చెప్పాలి. మరిదిని మాస్టర్ని చేసిన రోజు సాయంత్రం ఆమె బస్సు దిగుతుంటే భర్త ఫోన్ చేశాడు. “వస్తూ వస్తూ సామాన్లు పట్రా. వాడి స్నేహితులు పదిమంది భోజనానికొస్తున్నారు. నీ చేతి వంటంటే వాళ్ళకి ఇష్టమట.” ఫోన్ పెట్టేసి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. కోపం కాదు, ఏడుపూ కాదు. ఎక్కడైనా కాసేపు కూర్చోవాలి, అంతే. మనసులో ఇంటిని గదిగదీ తిరిగొచ్చింది. ఇంట్లో ఆరు కుర్చీలున్నాయి. వాటిలో కూర్చున్న రెండో నిమిషానికి ఎవరో ఒకరు పిలవని కుర్చీ ఒక్కటీ లేదు. బస్సు స్టాపు ఎదురుగా మందుల దుకాణం, దానిపైన ప్రార్థనా మందిరమని ఒక బోర్డు. ఏళ్ళ తరబడి చూస్తున్న బోర్డే. ఆ సాయంత్రం తలుపు తీసుంది, లోపల వరసగా ఖాళీ కుర్చీలు కనబడ్డాయి. ఆమె దేవుడి కోసం మెట్లెక్కలేదు, కుర్చీ కోసం ఎక్కింది.

లోపల ఒక పొడుగాటి ముసలావిడ కుర్చీలు తుడుస్తోంది. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి మానేసిన మనిషి. అందరూ నర్సమ్మ అంటారని తర్వాత తెలిసింది.

“ఎవరి కోసమమ్మా?”

“ఎవరి కోసమూ కాదండీ. కాసేపు కూర్చోవచ్చా?”

“కూర్చో. నేనేమీ అడగను.”

ఆ ఒక్క మాటకి ఆమె కొంగు కళ్ళకి అద్దుకుంది. పంతొమ్మిదేళ్ళలో ఆమెతో ఎవరూ అనని మాట అది. నర్సమ్మ నిజంగానే ఏమీ అడగలేదు. మంచినీళ్ళు తెచ్చి పక్క కుర్చీలో పెట్టి, ఆ వరస వదిలేసి వెనక వరస తుడుచుకుంది. వెళ్ళేటప్పుడు మాత్రం, “బుధవారాలు సాయంత్రం ప్రార్థన ఉంటుంది. రావాలని ఏం లేదు. కుర్చీలైతే ఉంటాయి” అంది.

ఆ బుధవారం వెళ్ళింది. మరుసటి బుధవారమూ వెళ్ళింది. అక్కడ ఒక పద్ధతుంది. లోపలికి రాగానే చిన్న చీటీ, పెన్సిలు ఇస్తారు. ఎవరి కోసం ప్రార్థించాలో రాసి, పేరు పెట్టకుండా రేకు డబ్బాలో వెయ్యాలి. చివర్లో ఒక్కొక్కరూ ఒక్కో చీటీ తీసుకుని, ఆ మనిషెవరో తెలియకపోయినా వారమంతా ఆ సంగతి దేవుడితో చెప్పాలి. ఆమె మొదటి వారం అత్తగారి మోకాళ్ళ నొప్పి రాసింది. రెండోవారం కూతురి పదో తరగతి పరీక్షలు. మూడోవారం, మీరు నవ్వకండి, మరిదికి పని బాగా రావాలని రాసింది.

ఆ మూడోవారమే పాస్టరుగారు బైబిల్లోని ఒక స్త్రీ సంగతి చెప్పాడు. పద్దెనిమిదేళ్ళుగా నడుం వంగిపోయి, తలెత్తలేకపోయిన మనిషి. మందిరంలో ఏ మూలో నిలబడి ఉంటుంది. ఆమె ఏమీ అడగలేదు. యేసు ప్రభువే ఆమెని చూశాడు, తన దగ్గరికి పిలిచాడు, చెయ్యి వేశాడు. ఆమె నిటారుగా నిలబడింది. అది ఏ పనీ చెయ్యకూడని విశ్రాంతి రోజు. అక్కడి పెద్దమనిషికి కోపమొచ్చింది, ఇదంతా ఇవాళే చెయ్యాలా, వేరే రోజులు లేవా అని. ప్రభువు ఊరుకోలేదు. ఇన్నేళ్ళు కట్టుబడి ఉన్న ఈవిడని విప్పడానికి ఇంకో రోజుదాకా ఆగాలా అని అందరి ముందూ అడిగాడు.

పద్దెనిమిదేళ్ళు అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. కోత బల్ల ఎత్తు ఆమె నడుం కంటే జానెడు తక్కువ. కూర్చుని గీసే మగ మాస్టర్ల కుర్చీ ఎత్తు చూసి చేయించారు, నిలబడి కోసేవాళ్ళని చూసి కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ బల్ల మీద వంగి వంగి ఇప్పుడు వీధిలో కూడా నేల చూస్తూనే నడుస్తుంది. అదంతా అడగకుండానే చూసినవాడు ఒకడున్నాడా? ఒంటి మీద ఎవరో చెయ్యి వేసినట్టే అనిపించింది ఆమెకి. ఈ లోపల పాస్టరుగారు పుస్తకం మూసి, అలవాటు కొద్దీ, “అమ్మలు కాస్త టీ సంగతి చూస్తారా?” అన్నాడు. వెనక నుంచి నర్సమ్మ, “ఇప్పుడేగా అయ్యగారూ ఆవిణ్ణి నిటారుగా నిలబెట్టారు, అప్పుడే టీకి పంపుతున్నారా? ఇవాళ అయ్యలు చూస్తారు” అంది. అందరూ నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వి, లేచి వెళ్ళి టీ గ్లాసులు తనే తెచ్చాడు. సగానికి సగం ఒలకబోశాడనుకోండి.

నమ్మకం ఒక్కరోజులో రాలేదు ఆమెకి. మొదట ‘ప్రభువా’ అనడానికే మొహమాటపడింది, ఎవరింటికో పిలవకుండా వెళ్ళినట్టు. మెల్లగా కత్తెర ఆడుతుండగా ఒక మాట, బస్సులో నిలబడి ఒక మాట చెప్పుకోవడం అలవాటైంది. అవతలివాడు మధ్యలో అడ్డు రావడం లేదు, అదే ఆమెకి ఆశ్చర్యం. ఇంటికొచ్చి చూస్తే అట్టలు ఎదురుచూస్తుండేవి. వాటి గురించి కూడా చెప్పేది. ఆయన ఏమీ అనేవాడు కాదు, కానీ విన్నాడని తెలిసేది. ఒకరోజు నర్సమ్మ డబ్బా మూతపెడుతూ, “ఒక చేతిరాత వారం వారం చూస్తున్నా. ఆ చీటీలు రాసే మనిషికి తన కోసం ఏమీ అక్కర్లేదా?” అని గాలిలోకి అడిగినట్టు అడిగింది. ఆమె తల దించుకుంది.

ఏడో బుధవారం ఆమె ప్రార్థనలో ఉండగా మరిది ఇంటికొచ్చాడు. తెల్లకోట్లు ఆర్డరిచ్చిన ఆసుపత్రివాళ్ళు కబురు చేశారట, కోటు పొడుగు నలభై చాలదు, నలభై రెండు ఉండాలని. మర్నాడు పొద్దున్నే నూట నలభై కోట్లకి బట్ట కోయాలి. వదిన లేదు. ఓపిక పట్టలేక తనే బల్ల దగ్గర కూర్చుని, మేకుకున్న టేపు తీసుకుని, భుజం నుంచి నలభై రెండు దాకా కొలిచి, దాని కింద మడతకి ఆమె వదిలే రెండున్నరా వదిలి, అట్ట కింద అతుకు వేసి పొడుగు పెంచేశాడు. ఆమె వచ్చేసరికి అట్టలు చుట్టి పెట్టేశాడు కూడా. “నేను గీయగలను వదినా, నువ్వు నన్ను మరీ చేతకానివాణ్ణి చేశావు” అని నవ్వాడు. ఆమె సంతోషించింది. చీటీ ఫలించిందనే అనుకుంది, పిచ్చిది.

మర్నాడు ఆమెని వేరే బల్ల దగ్గర స్కూలు చొక్కాలు కోయడానికి పంపారు. కోట్లు చూడనే లేదు. నూట నలభై కోట్లు కోయడం, కుట్టడం, ఇస్త్రీ, మూట కట్టి పంపడం అన్నీ అయిపోయాయి. తర్వాతి సోమవారం మూటలు మూటలుగా తిరిగొచ్చాయి. అన్నీ ఒక్క అంగుళం పొట్టి. ఓనరుగారు ఊళ్ళో లేడు. ఫోన్లోనే మండిపడ్డాడట. గురువారం పొద్దున వస్తాను, తప్పెవరిదో నాకు తెలియాలి, ఆ మనిషి ఇక కత్తెర ముట్టుకోకూడదు, దారాల బల్ల దగ్గర కూర్చోవాలి అని. కుట్టిన బట్టలకి వేలాడే దారపు కొసలు కత్తిరిస్తూ పొద్దంతా గడిపే చోటు అది. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ కోత గదికి రాలేదు.

ఆమె మేకు దగ్గరికెళ్ళి టేపు చేతిలోకి తీసుకుంది. సంగతంతా ఒక్క క్షణంలో అర్థమైంది. మంగళవారం సాయంత్రం అందరూ ఉండగా చెప్పింది. తీరా చెప్పాక అది ఆమె మెడకే చుట్టుకుంది.

“అయితే టేపు నీదేగా” అన్నాడు భర్త, చాలా నెమ్మదిగా.

“ఆ రోజు నువ్వా మేడ మీదికి పోకుండా ఇంట్లో ఉంటే ఇదంతా జరిగేదా?” అంది అత్తగారు.

మరిది గోళ్ళు చూసుకుంటున్నాడు. భర్త ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాడు. “చూడూ, వాడు కొత్తగా ఆ కుర్చీ ఎక్కాడు. రెండు నెలలు కూడా కాకుండానే దింపేస్తే వాడి బతుకేం కాను? నీదేముంది, నువ్వెప్పుడూ కింద బల్లేగా. అట్ట నేనే గీశాను, పొరపాటైంది అని చెప్పేసెయ్. దారాల బల్ల అయితే కూర్చునే పని కూడాను, నీ నడుముకీ మంచిది.” ఆ పైన ఇంకో మాట కలిపాడు. “ప్రార్థనలకి వెళ్తున్నావుగా. క్షమించమని చెప్పరా అక్కడ? సిలువ మోయమని చెప్పరా?”

ఆయన ఆ మందిరం మెట్టు ఒక్కటీ ఎక్కలేదు. అయినా సిలువ ఎవరు మొయ్యాలో ఆయనకి తెలుసు. ఆ రాత్రి వంట చేస్తూ ఆమె అదే ఆలోచించింది. నిజమేనేమో అని కూడా అనిపించింది. మంచితనమంటే ఇదేనేమో, దేవుడు తననుంచి కోరేదీ ఇదేనేమో. కత్తెర వదిలేస్తానని అనుకోగానే కుడిచేతి బొటనవేలు మీద కాయకాసిన చోట సలిపినట్టయింది. పద్దెనిమిదేళ్ళ పని అది, ఆమె సొంతమని చెప్పుకోడానికి ఉన్నది అదొక్కటే. దాన్ని కూడా ఇచ్చెయ్యాలా ప్రభువా అని అడిగింది. జవాబేమీ రాలేదు. అన్నం మాత్రం కాస్త మాడింది.

బుధవారం సాయంత్రం ఆమె అందరికంటే ముందు వెళ్ళి నర్సమ్మకి సంగతంతా చెప్పింది. భర్త అన్న మాటతో సహా. నర్సమ్మ చేతిలోని గుడ్డ పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది.

“నీ మరిది మీద కక్ష ఉందా?”

ఆమె కాసేపు వెతుక్కుంది. “బాధుందండీ. కక్షంటే... లేదు. వాడికి కత్తెర పట్టడం నేర్పింది నేనే.”

“అయితే క్షమించడం నీకొచ్చేసింది, ఇంకొకరు చెప్పక్కర్లేదు. కానీ వాళ్ళు నిన్ను అడిగేది క్షమించమని కాదు తల్లీ, దాచిపెట్టమని. నలభై ఏళ్ళు పుళ్ళకి కట్టుకట్టిన దాన్ని నేను. కుళ్ళుని కడక్కుండా పైన శుభ్రమైన గుడ్డ చుట్టినంత మాత్రాన మానదు. అతనికీ మానదు, నీకూ మానదు. ఇక సిలువంటావా, ఆయన దాన్ని అబద్ధం చెప్పి మొయ్యలేదు. నిజం చెప్పినందుకు మోశాడు.”

“మరి రేపు ఏం చెయ్యమంటారు?”

“నన్నడుగుతావేం? ఇదిగో చీటీ.”

పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తన గురించి రాయాలంటే వేళ్ళు మొండికేశాయి. చివరికి, ‘రేపు నేనేం చెప్పాలో నాకు చూపించు’ అని రాసింది. నేను, నాకు అన్న మాటలు ఆ డబ్బాలో ఆమె చేత్తో పడటం అదే మొదలు. తర్వాత అందరూ కళ్ళు మూసుకున్నారు. ఏ స్వరమూ వినబడలేదు. కింద మందుల దుకాణం షట్టరు చప్పుడు, పక్కనెవరిదో దగ్గు, అంతే. కానీ ఆ వంగిన మనిషి మళ్ళీ గుర్తొచ్చింది. ఇంతవరకూ గమనించని సంగతి ఒకటి ఇప్పుడు తట్టింది. ప్రభువు ఆవిణ్ణి మూలకి తీసుకెళ్ళి బాగుచెయ్యలేదు. నడి మందిరంలోకి పిలిచాడు, కోపం వచ్చేవాళ్ళకి రానిచ్చాడు, అందరూ చూస్తుండగానే నిలబెట్టాడు. తన బతుకులో మంచి పనంతా మూలనే జరిగింది. వంటింటి బల్ల మీద, ముసలి మాస్టరు సంతకం కింద, మరిది చంకలోని అట్టల చుట్టలో. ఆమెకి భయం పోలేదు కానీ, ఏం చెప్పాలో తెలిసిపోయింది. ఇంటికి వెళ్తూ దారిలో టేపు కొనుక్కుంది.

గురువారం పొద్దున కోత గదిలో కోట్ల మూటలు విప్పి పెట్టారు. ఓనరుగారు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. మిషన్ల చప్పుడు ఆగిపోయింది. “ఎవరిదీ తప్పు?” మరిది ఆమె వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. అది చూసి ఆమెకి నిజంగానే జాలేసింది. అయినా రెండడుగులు ముందుకొచ్చి గది మధ్యలో నిలబడింది.

“పొడుగు పెంచింది మా మరిదండీ. మా ఇంట్లో ఉన్న నా టేపుతో కొలిచాడు. దానికి మొదటి అంగుళం లేదు, ఇదిగో. ఆ సంగతి అతనికి తెలీదు, నేను చెప్పలేదు. అరిగిన టేపుని గోడకి ఉంచుకోవడం నా పొరపాటు. కొలిచేముందు మొన చూసుకోకపోవడం అతని పొరపాటు.”

ఓనరుగారు టేపు తీసుకుని తిరగేసి చూశాడు. “కార్ఖానా అట్టలు మీ ఇంట్లో ఎందుకున్నాయి?”

ఇదే ఆ ప్రశ్న. ఇంతకాలంగా ఎవరూ అడగనిది. “నేను గీస్తున్నాను కనకండీ. ముసలి మాస్టరున్న చివరి రెండేళ్ళూ ఇక్కడ గీశాను. ఈ రెండు నెలలూ మా వంటింటి బల్ల మీద గీశాను. మీరు బాగున్నాయన్న ప్రతి అట్టా నా చేతిదే.”

ఓనరుగారు మరిది వైపు తిరిగాడు. అతను నుదురు తుడుచుకుని, “నిజమేనండీ” అన్నాడు. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా పలకడం ఎవరూ అంతకుముందు వినలేదు.

ఆమె ఒక కోటు తీసి బల్ల మీద తిరగేసి, అంచు కుట్టు నాలుగు చోట్ల తెంపింది. మడత విప్పి చూపించింది. “లోపల రెండున్నర అంగుళాలుందండీ. ఒక అంగుళం కిందికి దింపి మళ్ళీ కుట్టి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే పాత గీత కూడా కనబడదు. నలుగురం కూర్చుంటే శనివారానికి నూట నలభై అయిపోతాయి. ఒక్క గజం బట్ట కూడా పారెయ్యక్కర్లేదు.” ఓనరుగారు ఆ మడతని వేళ్ళతో కొలిచి చూసుకున్నాడు. పోతూ పోతూ, “కానివ్వండి. దారాల బల్లకి ఎవరూ వెళ్ళక్కర్లేదు. శనివారం సాయంత్రం నా గదికి రామ్మా, మాట్లాడాలి” అన్నాడు. ఏం మాట్లాడతాడో ఆమెకి తెలియదు. ఆ సంగతి ఆమె చేతిలో లేదు, తెలిసినవాడొకడున్నాడు. మిషన్ల దగ్గర ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. ఆమె కత్తెర తీసుకుని పనిలో పడింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కబురు ముందే చేరింది. అత్తగారు మొహం తిప్పుకుని కూర్చుంది. మరిది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కూతురు పుస్తకంలోంచి తలెత్తి, “అమ్మా, ఏంటివాళ నువ్వు పొడుగ్గా కనిపిస్తున్నావ్?” అంది. ఆమె మేకుకి కొత్త టేపు తగిలించింది. అందరికీ అన్నాలు పెట్టింది, తనూ వాళ్ళతోపాటే పెట్టుకుని కూర్చుంది. కూర ఎవరికి కావాలంటే వాళ్ళే వేసుకున్నారు.

“నిజం చెప్పేశావు, బానే ఉంది” అన్నాడు భర్త, అదే నెమ్మదితో. “ఇక వాడు పని ఎలా చేసుకుంటాడు? అట్టలు ఎవరు గీస్తారు?”

ఆమె మరిది వైపు తిరిగింది. మాటలో కోపం లేదు, మొహమాటమూ లేదు.

“రేపు పొద్దున గంట ముందు రా. నేర్పిస్తాను. ఇక్కడ కాదు, అక్కడ, బల్ల దగ్గర, అందరూ చూస్తుండగా.”